ఫోన్‌లోని ఫోటో ముప్పై ఏళ్ల తర్వాత కూడా కనబడాలంటే

మా ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఒకటుంది. దాని అడుగున, బట్టల మడతల కింద, అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు ఫోటో దొరికింది. చుట్టూ తెల్లటి అంచు, ఆ అంచు కూడా వంకీలు వంకీలుగా కత్తిరించి ఉంది. ఓ మూల విరిగింది. కాస్త వాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల వెండి పూత లాంటి మెరుపు కనబడుతుంది. వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో రెండు ముక్కలు: "పెద్దోడికి మూడో ఏడు. కెమెరా చూసి ఏడ్చాడు." ఆ పెద్దోడు మా నాన్న. అరవై ఏళ్లకు పైగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ జాగ్రత్త చేయలేదు. అయినా ఉంది.

అదే ఇంట్లో మా పాప మొదటి రెండేళ్ల ఫోటోలు దాచిన హార్డ్‌డిస్క్ కూడా ఉండేది. దాన్ని నేను మెత్తటి సంచిలో పెట్టి, పిల్లలకు అందకుండా బీరువాలో దాచాను. ఓ రోజు కంప్యూటర్‌కి తగిలిస్తే టిక్కు టిక్కుమని నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. దానికి ఆరేళ్లు కూడా నిండలేదు.

ప్రింటు, ఫైలు రెండూ పోయేవే. పోయే తీరులోనే తేడా ఉంది. ప్రింటు మెల్లగా వెలిసిపోతుంది, మరక పడుతుంది, మూల చిరుగుతుంది. అది చెడిపోతోందని మీకు కంటికి కనబడుతూనే ఉంటుంది, సగం చెడినా మిగతా సగంలో మనుషులు ఉంటారు. ఫైలుకి ఆ మధ్య దశ దాదాపు ఉండదు. ఫోటోలు మామూలుగా దాగేది జేపెగ్ అనే రకం ఫైలులో, దాని లోపల కొన్ని బైట్లు చెడితే తరచుగా అక్కడి నుంచి కింది భాగమంతా బూడిద పట్టీగానో పిచ్చి రంగుల చారలుగానో మారిపోతుంది. డిస్క్ పోతే వేల ఫోటోలు ఒక్కసారే పోతాయి, అదీ చాలాసార్లు ముందుగా ఏ సూచనా లేకుండా. ప్రింటును మర్చిపోయినా ఉంటుంది. ఫైలు ఉండాలంటే దాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తూ ఉండాలి. ఇంటర్నెట్‌కి పునాది వేసినవాళ్లలో ఒకరైన వింట్ సెర్ఫ్ అంతటివాడే 2015లో, మీకు నిజంగా కావలసిన ఫోటోలను ప్రింటు తీసి పెట్టుకోండని చెప్పారు.

అందుకని ఈ పనులు చేయండి. ఒక్కరోజులో అయ్యేవి కావు. వారానికి ఓ గంట చొప్పున రెండు మూడు నెలలు పట్టొచ్చు. టెన్షన్ పడాల్సిన పని లేదు, ఆర్డరు మాత్రం మార్చకండి.

1. ఫోటోలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద రాయండి

కాగితం మీదే రాయండి. ఇప్పుడు వాడుతున్న ఫోన్, సొరుగులో పడి ఉన్న పాత ఫోన్లు, మెమరీ కార్డులు, పెన్‌డ్రైవ్‌లు, సీడీలు, పాత ల్యాప్‌టాప్, మెయిల్, వాట్సాప్ గ్రూపులు, ఎప్పుడో తెరిచి వదిలేసిన సోషల్ మీడియా ఖాతాలు. రాస్తుంటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. నా లిస్టు పదిహేడు దగ్గర ఆగింది.

ఆ లిస్టులో ముందు పాత ఫోన్ల పని పట్టండి. వాటి బ్యాటరీ ఉబ్బుతుంది, ఛార్జింగ్ పిన్ను వదులవుతుంది, ప్యాటర్న్ మర్చిపోతాం. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిందంటే దాన్ని మీరు ఛార్జింగ్ పెట్టకుండా రిపేరు తెలిసినవాళ్లకు ఇవ్వండి. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు. వీటిలో సమాచారం విద్యుత్ ఆవేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడేస్తే ఆ ఆవేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. రాసే సీడీల్లో రంగు పొర ఉంటుంది, అది వెలుతురుకీ వేడికీ పాడవుతుంది. పైగా సీడీ బాగానే ఉన్నా, దాన్ని పెట్టడానికి కంప్యూటర్లో అర ఉండడం లేదు.

వెబ్‌సైట్లలో ఉన్నవి భద్రంగా ఉన్నాయనుకోకండి. మైస్పేస్ అనే పాత సోషల్ మీడియా సైటులో 2016కు ముందు జనం పెట్టుకున్న ఫోటోలు, పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది. ఫోటోలు దాచుకునే ఫ్లికర్ సైటు ఉచిత ఖాతాలకు వెయ్యి ఫోటోల పరిమితి పెట్టింది కూడా 2019లోనే. గూగుల్ ఖాతాను రెండేళ్లపాటు ముట్టుకోకపోతే దాన్ని తీసేయవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, తీసేస్తే అందులోని ఫోటోలూ పోతాయి. వీళ్లెవరూ మోసం చేశారని కాదు. అద్దెకుండే ఇంట్లో గోడకు దిగేసిన మేకు లాంటిది మన ఫోటో అక్కడ. ఇల్లు ఖాళీ చేయమంటే చేయాల్సిందే.

అన్నింటినీ ఒకే కంప్యూటర్లో ఒకే పెద్ద ఫోల్డర్‌లోకి దించండి. సర్దడం తర్వాత చూద్దాం.

వాట్సాప్ గురించి ఒక మాట. మామూలుగా పంపిన ఫోటోను అది బాగా కుదించేస్తుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు కూడా తీసేస్తుంది. కాబట్టి మీ దగ్గర వాట్సాప్ కాపీ మాత్రమే ఉన్న మంచి ఫోటో ఉంటే, తీసినవాళ్లను అడిగి అసలుది తెప్పించుకోండి. ఫోటోలాగా కాకుండా "డాక్యుమెంట్"గా పంపమంటే ఉన్నదున్నట్టు వస్తుంది. ఈ పని త్వరగా చేయాలి. వాళ్లు ఫోన్ మార్చాక అడిగి లాభం లేదు.

2. ఏరండి

అసలు కష్టం ఇక్కడే. ఫిల్ము రోలులో ముప్పై ఆరు బొమ్మలే ఉండేవి గనక, నొక్కే ముందే ఏరుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పని తర్వాతకు వాయిదా పడింది, ఆ తర్వాత అన్నది రాదు. ఇరవై వేల ఫోటోలు ఉన్నవాడికీ ఒక్కటీ లేనివాడికీ పెద్ద తేడా లేదని నేనంటే మా తమ్ముడు ఒప్పుకోడు గానీ, నేను మాత్రం అదే నమ్ముతాను. ఎవరూ తిరగేయనివి ఉంటేనేం, లేకపోతేనేం.

ఏడాదికి యాభై నుంచి వంద వరకు పెట్టుకోండి. ఒకసారి కూర్చుంటే ఒక నెల ఫోటోలే చూడండి. అంతకన్నా ఎక్కువ చూస్తే కళ్లు మొద్దుబారి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకే భంగిమలో పన్నెండు ఉంటే ఒకటే తీసుకోండి. ఏది మేలో తేలకపోతే మొదటిది తీసుకుని ముందుకు వెళ్లండి, దాని మీద పది నిమిషాలు ఆలోచించకండి.

అందంగా ఉన్నవాటినే ఏరితే తప్పు చేసినట్టే. సూర్యాస్తమయాలు, కొండలు, పూలు ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ అక్కర్లేదు, అవి అప్పుడూ ఉంటాయి. ఉండనివి ఏంటి? మనుషులు. ఇంట్లో రోజూ కూర్చునే కుర్చీ, పుస్తకాల గూడు, చెప్పుల వరస, బండి, వంటగట్టు. ఎవరో చేత్తో రాసిన లిస్టు. తాతయ్య నవ్వుతున్నది ఒక్కటే ఫోటో ఉండి, అది కాస్త కదిలిపోయి మసగ్గా ఉంటే, దాన్ని మొదట ఏరండి.

నేను ఏరిన వాటిలో ఒకటి చెప్తాను. గీజరు రిపేరు చేసే అతనికి పంపడానికి మోడల్ నంబరును ఫోటో తీశాను. తెల్లటి డబ్బా, దాని మీద చిన్న స్టిక్కరు. ఫ్రేములో కుడివైపు కింద, స్టిక్కరు మీద దుమ్ము తుడుస్తున్న అమ్మ చెయ్యి పడింది. మణికట్టు దాకా సబ్బు నురగ, చిటికెన వేలికి ఎప్పుడూ ఉండే కాలిన మచ్చ. అమ్మ చేతులు మాత్రమే కనిపించే ఫోటో నా దగ్గర ఇంకొకటి లేదు. ఫోన్‌లో స్థలం చాలనప్పుడు ఇలాంటివాటినే చెత్త అనుకుని ముందు తీసేస్తాం.

ఏరనివాటిని తీసేయమని చెప్పడం లేదు. ఒక ఫోల్డర్‌లో ఉండనివ్వండి. అవి నిలిస్తే నిలుస్తాయి. ఇక మీదట చెప్పే శ్రమంతా ఏరినవాటికే.

3. ఫైలుకి తేదీతో పేరు పెట్టండి

ఫోన్ ఇచ్చే పేర్లు ఎవరికీ అర్థం కావు. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు, చివర ఒకటి రెండు మాటలు: "2019-08-14 తాతయ్య వరండా" అన్నట్టు. ఇలా పెడితే ఏ కంప్యూటర్‌లో తెరిచినా కాలక్రమంలో వాటంతటవే వరసగా నిలబడతాయి.

ఫైలు లోపల తేదీ దాగి ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, కానీ కెమెరా గడియారం సరిచేయకపోతే పెళ్లి ఫోటోలన్నీ ఏదో ఏడాది జనవరి 1న తీసినట్టు చూపిస్తుంది. స్కాన్ చేసిన పాత ఫోటోకైతే స్కాన్ చేసిన రోజునే తేదీగా వేస్తుంది. మీకు తెలిసిన తేదీనే నమ్మండి. నెల తెలియకపోతే సంవత్సరంతో ఆపేయండి.

4. ప్రింటు తీయించండి

ముందు చిన్న లెక్క. మంచి ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని ల్యాబుల వాళ్ల కొలత. 4×6 అంగుళాల ప్రింటుకి 1200×1800 పిక్సెళ్లు, 8×10కి 2400×3000. అంటే చవకరకం ఫోన్‌తో తీసినదైనా 4×6కి ధారాళంగా సరిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కూడా ఆ సైజుకి చాలావరకు ఫర్వాలేదు, పెద్దది చేయిస్తే మాత్రం మొహాల మీద గళ్లు తేలతాయి.

తలలు తెగడం ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది. ఫోన్లు మామూలుగా 4:3 నిష్పత్తిలో తీస్తాయి, 4×6 కాగితం 3:2. ఆ తేడాను మెషిన్ పైనా కిందా కోసి సరిపెడుతుంది. గ్రూపు ఫోటోలో వెనక వరస పొడుగువాళ్లు బలైపోతారు. ఆర్డరు ఇచ్చేటప్పుడే కోయకుండా తెల్ల అంచు వదిలి వేయమని చెప్పండి, లేదా ఇంట్లోనే 3:2కి మీరే క్రాప్ చేసి ఇవ్వండి. అలాగే "ఆటో కరెక్షన్" వద్దని చెప్పండి. చామనఛాయ మొహాలను అది పాలిపోయినట్టు చేస్తుంది.

స్క్రీన్ దానంతటది వెలుగుతుంది, కాగితం వెలగదు. కాబట్టి ఫోన్‌లో సరిగ్గా ఉన్న ఫోటో ప్రింటులో ఒక పాలు చీకటిగా వస్తుంది. వంద ఫోటోలూ ఒకేసారి ఇవ్వకుండా మొదట ఐదు తీయించి, పగటి వెలుతురులో చూసి, అవసరమైతే వెలుగు కాస్త పెంచి మిగతావి ఇవ్వండి.

ఏ రకం ప్రింటు అన్నది ముఖ్యం. పాత నలుపు తెలుపు ఫోటోల్లో బొమ్మ అంటే సన్నటి వెండి రేణువులే. సరిగ్గా కడిగి ఉంటే వెండి వందేళ్లు దాటినా నిలుస్తుంది. మా ట్రంకు పెట్టె ఫోటో బతికింది అందుకే. మెరుపు కూడా ఆ వెండి పైకి తేలడం వల్లే. రంగు ఫోటోల్లో వెండి చివరికి మిగలదు, రంగు అద్దకాలే మిగులుతాయి, అవి వెలుస్తాయి. 1970ల నాటి రంగు ఫోటోలన్నీ ఎర్రబడిపోయి ఎందుకుంటాయంటే, అప్పటి కాగితంలో నీలిపచ్చ అద్దకం చీకట్లో ఉంచినా వెలిసిపోయేది. ఇప్పటి కాగితాలు అంతకన్నా చాలా మేలు.

ల్యాబులో రసాయనాలతో కడిగి తీసే ప్రింటు ఆల్బమ్‌కి చక్కగా సరిపోతుంది. ఇంట్లో ఇంక్‌జెట్‌తో తీస్తే, ఇంకు ఏ రకమో చూడండి. కరిగిన రంగుతో చేసే డై ఇంకు గాలికీ వెలుతురుకీ త్వరగా పాలిపోతుంది, కరగని రంగు పొడితో చేసే పిగ్మెంట్ ఇంకు చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆఫీసు ప్రింటర్‌లో మామూలు తెల్ల కాగితం మీద తీసినదాన్ని ఫోటోగా లెక్కపెట్టకండి. ల్యామినేషన్ అసలు చేయించకండి. అది వేడితో, జిగురుతో అతికేది. ఒకసారి అతికాక విడదీయలేరు, అంచుల్లోంచి చెమ్మ దూరితే లోపలే ఉండిపోతుంది. గట్టిగా ఉంటుందని చేయించి తర్వాత బాధపడినవాళ్లను చూశాను.

ప్రతిదీ రెండేసి తీయించండి. రెండో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. అక్కకో, తమ్ముడికో, పిన్నికో ఇచ్చేయండి. ప్రింటుకున్న పెద్ద లోపం అది ఒకటే ఉండడం, దానికి విరుగుడు ఇదే.

5. వెనక రాయండి

ఫైలుకి వెనక వైపు లేదు. ప్రింటుకి ఉంది, దాన్ని వాడుకోండి.

పూర్తి పేర్లు రాయండి. "అమ్మ, అత్తయ్య, బుజ్జి" అని రాస్తే రాసినవాళ్లు పోయాక ఎవరి అమ్మో, ఏ బుజ్జో తెలియదు. ఎడమ నుంచి కుడికి అని మొదలుపెట్టి వరసగా రాయండి. చోటు, సంవత్సరం. చివర ఫోటోలో కనబడని సంగతి ఒక్కటి. ఏడ్చాడని రాయకపోతే మా నాన్న మొహంలోని ఆ ముడుచుకున్న పెదాలను కోపం అనుకునేవాణ్ణి.

పాత కాగితం ఫోటో అయితే మెత్తటి పెన్సిల్‌తో, 2బి లాంటిదానితో, గట్టి నేల మీద బోర్లా పెట్టి నొక్కకుండా రాయండి. ఇప్పటి ప్రింట్ల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పట్టదు. వాటికి పిగ్మెంట్ ఇంకు ఉన్న సన్న మొన పెన్ను కావాలి. అంచు పక్కన రాసి, పూర్తిగా ఆరాకే ఒకదాని మీద ఒకటి పేర్చండి. బాల్ పెన్ను వద్దు. వెనక రాసిన అక్షరం ముందు నుంచి మొహం మీద గాడిలా లేస్తుంది. స్కెచ్ పెన్ను ఇంకు పక్క ఫోటోకి అంటుకుంటుంది.

6. దాచే చోటు

పేజీ మీద జిగురు గీతలు ఉండి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బమ్‌లు ఉంటాయి చూడండి, అవి ఫోటోలకు శత్రువులు. జిగురు పసుపెక్కి, కొన్నాళ్లకు రాయిలా పట్టేస్తుంది. ఇంట్లో అలాంటివి ఉంటే ఫోటోలను లాగి తీయకండి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని, మైనం పూయనిదాన్ని, ఫోటోకీ పేజీకీ మధ్య పోనిచ్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా ఆడిస్తే విడిపోతాయి. రాకపోతే పేజీని అలాగే వదిలి, పేజీతో సహా స్కాన్ చేయండి.

కొత్త ఆల్బమ్ తెరిచి ముక్కు దగ్గర పెట్టండి. ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొడితే అది పీవీసీ అనే రకం ప్లాస్టిక్ అయి ఉండొచ్చు, వద్దు. పాలీప్రొపిలీన్, పాలిస్టర్ కవర్లు ఉన్నవి మంచివి. అటక మీద వేడి, నేల మీద చెమ్మ, బయటి గోడకు ఆనించిన చోట రెండూ. పడుకునే గది బీరువాలో మధ్య అర అన్నింటికన్నా మేలు. సిలికా జెల్ పొట్లాలు రెండు పడేయండి, చెదలు, వెండి పురుగులు (సిల్వర్‌ఫిష్) చేరాయేమో అప్పుడప్పుడు చూడండి. గోడకు తగిలించేది ఎప్పుడూ కాపీనే, అసలు ఫోటో పెట్టెలో ఉండాలి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం ఫోటోకి తగలకుండా మధ్యలో అట్ట అంచు పెట్టించండి, లేకపోతే చెమ్మకు అద్దానికి అతుక్కుపోతుంది.

వరదలోనో, పైపు పగిలో తడిస్తే? వెంటనే పారేయకండి. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు బురదలో దొరికిన ఫోటోలను స్వచ్ఛంద కార్యకర్తలు లక్షల కొద్దీ పోగుచేసి, ఒక్కొక్కటీ నీళ్లలో కడిగి, దారాలకు తగిలించి ఆరబెట్టి, సొంతదారులను వెతికి ఇచ్చారు. ఆ నీళ్లలోనే మునిగిన ఫోన్లతో అది సాధ్యమయ్యే పని కాదు. ల్యాబు ఫోటోలైతే శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో ఆరబెట్టండి. బొమ్మ వైపు తుడవొద్దు, బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర తడిస్తే వేలికే వచ్చేస్తుంది. అదే రోజు కడగలేనన్ని ఉంటే, మధ్యలో మైనపు కాగితం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంక్‌జెట్ ప్రింట్లను మాత్రం కడగకండి, రంగు కారిపోతుంది.

7. పాత ప్రింట్లను స్కాన్ చేయండి

చిన్న ఫోటోలకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి, చాలామంది ఇది మర్చిపోతారు. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట బల్ల మీద పరిచి, ఫోన్‌ను సమాంతరంగా పట్టి, ఫ్లాష్ ఆపి తీయండి. స్కాన్ చేశాం కదా అని అసలుదాన్ని పారేయొద్దు.

ఈమధ్య పాత ఫోటోలను "బాగుచేసే" యాప్‌లు వచ్చాయి. సరదాకి వాడండి, కానీ ఆ ఫైలును విడిగా పెట్టండి. మసకబారిన మొహంలో లేని వివరాన్ని అవి కల్పించి నింపుతాయి. మా నానమ్మ ఫోటోను ఒకదానికిస్తే పళ్లూ కనురెప్పలూ దివ్యంగా వచ్చాయి, నానమ్మ మాత్రం రాలేదు.

8. ఫైళ్లకు మూడు కాపీలు

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇప్పటికీ సరిపోతుంది. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. ఇంట్లో కంప్యూటర్, బయట తగిలించే హార్డ్‌డిస్క్, ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్. క్లౌడ్ ఇష్టం లేకపోతే అక్క ఇంట్లో ఇంకో డిస్క్.

క్లౌడ్‌లో ఉంది కదా, బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్‌లో ఉన్నప్పుడు ఫోన్‌లో ఒకటి తీసేస్తే అన్నిచోట్లా పోతుంది. ఐఫోన్ చెత్తబుట్టలో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు ఉంటుంది, ఆపైన అంతే. హార్డ్‌డిస్క్‌ను కాపీ అవగానే తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినా, పిడుగుపాటుకి కరెంటు ఎగిసినా కంప్యూటర్‌తో పాటే పోతుంది. ఐదేళ్లు దాటిన డిస్క్‌ను బాగా పనిచేస్తున్నా నమ్మకండి, కొత్తదానిలోకి మార్చండి.

ఫైలు ఏ రకమన్నది కూడా చూడాలి. కొడాక్ 1992లో ఫోటో సీడీ అని తెచ్చింది, వాటిలోని ఫైళ్లు తెరిచే ప్రోగ్రాములు ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జేపెగ్ కూడా 1992 నాటిదే, కానీ ప్రపంచమంతా వాడుతోంది గనక తెరుచుకుంటూనే ఉంది. ఐఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. ఏరిన ఫోటోలకు ఒక జేపెగ్ కాపీ కూడా చేసి పెట్టండి. జేపెగ్‌ను దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది కాబట్టి, దిద్దేది ఎప్పుడూ కాపీ మీదే.

ఏడాదికి ఒకరోజు పెట్టుకోండి, మీ పుట్టినరోజైతే మర్చిపోరు. ప్రతి కాపీలోనూ అక్కడొకటి ఇక్కడొకటి ఇరవై ఫోటోలు పూర్తి సైజులో తెరిచి చూడండి. చిన్న బొమ్మలు చూసి సరే అనుకోకండి, అసలు ఫైలు చెడినా చిన్న బొమ్మ బాగానే కనబడొచ్చు. ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయో లెక్క కిందటేడు రాసుకున్నదానితో సరిపోవాలి.

9. తాళం ఇంకొకరికి తెలియాలి

షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ లక్షకు పైగా నెగటివ్‌లు తీసి, దాదాపు ఎవరికీ చూపించకుండా అద్దె గోదాములో పెట్టింది. అద్దె కట్టకపోవడంతో 2007లో సామాను వేలం వేశారు. పెట్టెలు కొన్నవాళ్లు నెగటివ్‌ను వెలుతురుకెత్తి చూశారు, బొమ్మ కనబడింది. ఇప్పుడామె పేరు ప్రపంచానికంతటికీ తెలుసు. అవే ఫోటోలు పాస్‌వర్డ్ ఉన్న ఫోన్‌లో ఉంటే, కొన్నవాడు రీసెట్ కొట్టి అమ్మేసేవాడు.

గూగుల్‌లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" 2013 నుంచి ఉంది. మీరు ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఫలానావాళ్లకు అందేలా పెట్టుకోవచ్చు. యాపిల్‌లో "లెగసీ కాంటాక్ట్" 2021 చివర్లో వచ్చింది. రెండూ పది నిమిషాల పని, ఈరోజే పెట్టేయండి. వాటితో పాటు ఒక కాగితం మీద డిస్క్ ఎక్కడుంది, పెట్టె ఎక్కడుంది, కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏంటి అని రాసి, ఇంటి కాగితాలు దాచే చోటే పెట్టండి. ఇంట్లో ఒక్కరికైనా నోటితో చెప్పండి.

నేను మా పాపకి చెప్పాను. దానికిప్పుడు పదేళ్లు. పెట్టె ఎక్కడుందో చూపిస్తే, వెనక రాసే పని తనకిమ్మని పెన్ను లాక్కుంది. పోయిన నెల తీయించిన గ్రూపు ఫోటో వెనక, ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా రాసి, కింద ఇంకో లైను చేర్చింది: "నాన్న ఈ ఫోటో తియ్యడానికి అరగంట నిలబెట్టాడు. అందరికీ విసుగొచ్చింది. తాతయ్య కూర్చుండిపోయాడు, అందుకే కనబడడు."